తోటలో టెంట్లు వేస్తే నీళ్లెలా? 12 ఓల్టుల పంపు, ట్యాంకు సెట్టింగు పూర్తి లెక్కలతో



మా మామిడి తోటలో టెంట్ల దగ్గర బిగించిన నీళ్ల పంపు, ట్యాంకు పై వీడియోలో చూశారు కదా. చూసినవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే, "అన్నా, ఆ పంపు ఏ కంపెనీది? ఎంత పడింది?" అని. పంపు పేరు చెప్పడం ఒక్క నిమిషం పని. కానీ మీ తోట ఎత్తుపల్లాలు వేరు, మీ దగ్గరికి వచ్చే మనుషుల లెక్క వేరు. నాకు సరిపోయింది మీకు సరిపోవాలని లేదు. అందుకని పేర్లు పక్కన పెట్టి లెక్కలు రాస్తున్నాను. కాగితం, పెన్ను పట్టుకుని చదివితే మీ తోటకు ఏం కావాలో మీకే తేలిపోతుంది.

వీడియోలో వివరంగా చెప్పడానికి టైం చాలని విషయం ఇంకొకటుంది. ప్రకృతి వ్యవసాయం చేసే తోటలో మనుషులు వాడే నీళ్లు, నేలకు పారే నీళ్లు ఎక్కడా కలవకూడదు. పంపు చిన్నదైతే రేపు పెద్దది తెచ్చుకోవచ్చు. ఇది తప్పితే మాత్రం దిద్దుకోవడం కష్టం. ఎందుకో కింద వివరంగా రాశాను, ఆ భాగం మాత్రం వదలకుండా చదవండి.

ఇంత లెక్క ఎందుకంటే

మాది వికారాబాద్ వైపు. అనంతగిరి కొండలు చూడటానికి హైదరాబాద్ నుంచి శని, ఆదివారాల్లో జనం బాగా వస్తారు. మా తోటలో 5 టెంట్లు వేస్తాం. ఒక వారం కుటుంబాలు వస్తాయి, ఇంకో వారం జీవామృతం, కషాయాల తయారీ నేర్చుకోవడానికి రైతులు వచ్చి రాత్రి ఉంటారు. వచ్చినవాళ్లు తోటంతా తిరిగి, మన బియ్యం అన్నం తిని, పోయేటప్పుడు బియ్యం, పప్పు, పండ్లు సంచుల్లో తీసుకెళ్తారు. టెంటు కిరాయి కంటే నాకు ఈ అమ్మకమే ముఖ్యం. మధ్యలో దళారి లేడు, ధర మనం చెప్పిందే.

అయితే వచ్చినవాళ్లు నీళ్లు లేక ఇబ్బంది పడితే మళ్లీ రారు. అంతకంటే పెద్ద విషయం, మన నీళ్లు తాగి ఒక్క పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నా "ప్రకృతి వ్యవసాయం అన్నారు, పోయొచ్చాక ఆసుపత్రిపాలయ్యాం" అంటారు. ఆ మాట మన ఒక్కరితో ఆగదు, ఈ పద్ధతిలో సేద్యం చేసే అందరికీ తగులుతుంది. అందుకే ఇంత జాగ్రత్త.

మొదటి లెక్క: మనిషికి ఎన్ని లీటర్లు?

విపత్తు శిబిరాలకు అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అని ఉంటుంది. పల్లెటూరి ఇళ్లకు జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క 55 లీటర్లు. తోటలో ఒకటి రెండు రోజులు ఉండేవాళ్లకు ఈ రెంటికీ మధ్యలో 40 లీటర్లు వేసుకుంటే సరిపోతుంది. నేను ఇలా పంచుకున్నాను:

- తాగడానికి, వంటకు: 7 లీటర్లు
- ముఖం, చేతులు, గిన్నెలు కడగడానికి: 10 లీటర్లు
- స్నానానికి ఒక బకెట్: 15 లీటర్లు
- మరుగుదొడ్డికి: 8 లీటర్లు

12 మంది ఉంటే 12 × 40 = 480 లీటర్లు. అంటే రోజుకు 500 లీటర్ల ట్యాంకు ఒకటి ఖాళీ అవుతుంది. నేను 1000 లీటర్ల ట్యాంకు ఒకటి కాకుండా 500 లీటర్లవి రెండు పెట్టాను. ఒకటి కడుగుతుంటే రెండోది నడుస్తుంది. బోరు మోటారు మొరాయించినా ఒక రోజు నీళ్లు చేతిలో ఉంటాయి.

ట్యాంకు బరువు తేలిగ్గా తీసుకోవద్దు. లీటరు నీళ్లంటే కిలో బరువు. 500 లీటర్లంటే 50 కిలోల వడ్ల బస్తాలు పది ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. నాలుగు కర్రలు పాతి పైన చెక్క వేసి దాని మీద ట్యాంకు పెడితే మొదటి వానకు నేల మెత్తబడి ఒక పక్కకు ఒరుగుతుంది. చుట్టూ పిల్లలు ఆడుకునే చోట అది చాలా ప్రమాదం. ఇటుకలతోగానీ సిమెంటు రింగులతోగానీ గట్టు కట్టి, అడుగు భాగం మొత్తం ఆనేలా సమంగా కూర్చోబెట్టండి.

ట్యాంకు మీద ఐఎస్ 12701 అని ముద్ర ఉందో లేదో చూసి కొనండి. వెలుతురు లోపలికి వెళ్లనిదై ఉండాలి. తెల్లగా లోపలి నీళ్లు కనిపించే క్యాన్లు ఎండలో పెడితే కొన్ని రోజులకే పాచి పడుతుంది. మూత బిగుతుగా ఉండాలి, ఓవర్‌ఫ్లో పైపు మూతికి సన్నటి జాలి కట్టాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురుగులో కాదు, ఇలా నిలవ ఉన్న మంచి నీళ్లలోనే.

జీవామృతానికి మనం పాత 200 లీటర్ల నీలం డ్రమ్ములు కొంటుంటాం కదా, వాటిని తాగే నీళ్లకు అస్సలు వాడొద్దు. అంతకు ముందు వాటిలో ఏ రసాయనం నిల్వ చేశారో మనకు తెలియదు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్‌లో ఇంకింది మొత్తం పోదు.

రెండో లెక్క: అసలు పంపు కావాలా?

పంపు కొనే ముందు తోటలో ఎత్తయిన చోటు ఎక్కడుందో చూడండి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు 14 పీఎస్ఐ ప్రెషర్ ఉంటుంది. 3 మీటర్ల స్టాండు మీద ట్యాంకు పెడితే 4 పీఎస్ఐ కాస్త పైన వస్తుంది. బకెట్ నింపుకోవడానికి, చేతులు కడుక్కోవడానికి అది చాలు, షవర్‌కు చాలదు. అదే తోట పక్కన గుట్టో, ఎత్తు గట్టో ఉండి ట్యాంకు 6 మీటర్ల పైన కూర్చుంటే 8 పీఎస్ఐ దాటుతుంది, చేతి షవర్ కూడా నడుస్తుంది. అలాంటి చోటు ఉన్నవాళ్లకు పంపు, బ్యాటరీ, సోలార్ ఏవీ అక్కర్లేదు. పైపు, నల్లాలు చాలు.

ఎత్తు కొలవడానికి మేస్త్రీలు వాడే లెవల్ ట్యూబు తీసుకోండి. పారదర్శకంగా ఉండే ఆ పైపులో నీళ్లు పోసి ఇద్దరు చెరో కొస పట్టుకుంటే చాలు. కంటి అంచనాకు, నిజానికి మీటరు, రెండు మీటర్ల తేడా తేలిగ్గా వస్తుంది. ఇలాంటి పనిలో ఆ రెండు మీటర్లే ముఖ్యం.

పైపు సైజు కూడా చూడాలి. ఇంట్లో మిగిలిన 16 ఎంఎం డ్రిప్ లాటరల్ ఉంది కదా అని దాన్నే లాగుతుంటారు. నిమిషానికి 8 లీటర్లు పారితే ఆ పైపులో 50 మీటర్ల దూరానికే సుమారు 4 మీటర్ల ఎత్తుకు సమానమైన ప్రెషర్ రాపిడికే పోతుంది. కష్టపడి 6 మీటర్ల ఎత్తున ట్యాంకు పెట్టినా నల్లా దగ్గర మిగిలేది రెండే. అదే 32 ఎంఎం పైపు అయితే 50 మీటర్లకు పోయేది జానెడు కంటే తక్కువ. మెయిన్ లైను లావుగా లాగి, చివరలో నల్లా దగ్గర మాత్రమే సన్నం చేసుకోండి. ఇంకో మాట, ఒకసారి జీవామృతం పారిన పాత లాటరల్‌ను మనుషుల నీళ్లకు అసలే వాడొద్దు.

మూడో లెక్క: పంపు

మా నేల చదును. ట్యాంకుకు మూడడుగుల గట్టు కంటే ఎత్తు దొరకలేదు, అందుకే పంపు పెట్టాం. ఇదేదో కొత్త వస్తువు కాదు. మనం భుజాన మోసే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండేది కూడా 12 ఓల్టుల డయాఫ్రం పంపే. లోపల రబ్బరు పొర ముందుకూ వెనక్కూ కదులుతూ నీళ్లను నెడుతుంది. నల్లా మూసేస్తే ప్రెషర్ పెరిగి, దానికే ఉన్న స్విచ్ మోటారును ఆపేస్తుంది. నల్లా తిప్పగానే మళ్లీ మొదలవుతుంది. ఎవరూ స్టార్టర్ దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు.

అయితే స్ప్రేయర్ పంపునే తెచ్చి పెడితే పని జరగదు. సన్నటి నాజిల్ నుంచి పొగమంచులా రావాలంటే ప్రెషర్ కావాలి. బకెట్ నిండాలంటే ప్రవాహం కావాలి. స్ప్రేయర్ పంపు నిమిషానికి 3 నుంచి 5 లీటర్లు ఇస్తుంది. 15 లీటర్ల బకెట్ నిండటానికి నాలుగు నిమిషాలు. పొద్దున ఏడింటికి పన్నెండు మంది ఒకేసారి లేచి వరుసలో నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిమిషానికి 10, 11 లీటర్లు ఇచ్చేది, 45 నుంచి 50 పీఎస్ఐ దగ్గర ఆగిపోయేది తీసుకుంటే రెండు నల్లాలు ఒకేసారి నడుస్తాయి. డబ్బా మీద రాసిన ప్రవాహం నల్లాలు పూర్తిగా తెరిచినప్పటిది. వాడకంలో నిమిషానికి 8 లీటర్లు వేసుకోండి.

కషాయాలు కొట్టిన పాత స్ప్రేయర్ పంపును కడిగి తాగే నీళ్లకు పెట్టడం కూడా వద్దు. వేప, సీతాఫలం, ఉమ్మెత్త ఆకులతో మనం చేసే కషాయాలు పురుగుకే కాదు, మనిషికీ మంచివి కావు.

నాలుగో లెక్క: కరెంటు

రోజుకు 480 లీటర్లు, నిమిషానికి 8 లీటర్లు. అంటే పంపు నడిచేది మొత్తం మీద 60 నిమిషాలు. నడిచేటప్పుడు 8 ఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకు 8 ఆంపియర్ అవర్స్. రాత్రి రెండు మూడు ఎల్ఈడీ లైట్లకు ఇంకో 4 కలపండి. మొత్తం 12.

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. మబ్బు పట్టిన రోజు ఒకటి కూడా కలుపుకుని రెండు రోజులకు సరిపోవాలంటే అది 50 ఆంపియర్ అవర్స్‌ది కావాలి. లిథియం ఫాస్ఫేట్ అయితే 30 చాలు, బరువూ తక్కువ. ట్రాక్టర్ బ్యాటరీతో ఒకటి రెండు రోజులు నడిపించవచ్చు గానీ దాన్ని చేసింది ఇంజను స్టార్ట్ చేయడానికి. రోజూ లోతుగా ఖాళీ చేస్తే పాడవుతుంది, తెల్లారి ట్రాక్టరూ కదలదు.

50 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 11, 12 ఆంపియర్ అవర్స్ ఇస్తుంది. అంటే లెక్కకు లెక్క సరిపోతుంది, మిగిలేదేం లేదు. వానాకాలం కూడా టెంట్లు వేస్తామంటే 100 వాట్లది పెట్టండి, దానికి 10 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్ చాలు. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ.

వైరు విషయంలో ఒక చిన్న లెక్క. 2.5 చదరపు ఎంఎం రాగి వైరు మీద 8 ఆంపియర్లు 10 మీటర్ల దూరం పోయి రావాలంటే దారిలోనే ఓల్టు కంటే ఎక్కువ పడిపోతుంది. 12 ఓల్టుల్లో ఒక ఓల్టు పోవడమంటే చిన్న విషయం కాదు, పంపు నీరసంగా తిరుగుతుంది. అదే వైరు 2 మీటర్లే ఉంటే పడిపోయేది ఓల్టులో నాలుగో వంతు కంటే తక్కువ. అందుకే బ్యాటరీని పంపు పక్కనే పెట్టండి. టెంట్లు దూరంగా ఉంటే పైపును పొడిగించండి, వైరును కాదు.

12 ఓల్టులకు షాక్ భయం పెద్దగా లేదు. తడి చేతులు, వట్టి కాళ్లతో తిరిగే చోట 230 ఓల్టుల మోటారు కంటే ఇది నయం. కానీ వైర్లు ఒకదానికొకటి తగిలితే బ్యాటరీ మంట పుట్టించగలదు. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి.

ఇంకొకటి. వ్యవసాయ సర్వీసు కరెంటు వ్యవసాయానికి ఇచ్చింది. టెంట్ల కిరాయి వ్యాపారంగా చేసేవాళ్లు నీళ్లు ఎక్కించడానికి, లైట్లకు ఏ కేటగిరీ సర్వీసు కావాలో మీ కరెంటు ఆఫీసులో ముందే అడిగి తీసుకోండి.

బిగించే వరుస

వీడియోలో చూపించిన వరుసే ఇది:

1. ట్యాంకు అడుగు నుంచి రెండు వేళ్ల పైన అవుట్‌లెట్. అడుగున చేరే మడ్డి పంపులోకి రాకుండా.
2. బాల్ వాల్వ్. పంపు రిపేరుకు వస్తే ట్యాంకు ఖాళీ చేయనక్కర్లేదు.
3. జాలి ఫిల్టరు. పంపుకు ముందే ఉండాలి. ఒక్క ఇసుక రేణువు వాల్వ్‌లో ఇరుక్కున్నా పంపు ప్రెషర్ పట్టదు.
4. అక్కడి నుంచి పంపుకు లోపల దారం అల్లిక ఉన్న అరంగుళం గొట్టం. మామూలు మెత్తటి గొట్టమైతే పీల్పుకు ముడుచుకుపోతుంది.
5. పంపు. ట్యాంకు అడుగు కంటే కిందుగా పెడితే నీళ్లు వాటంతట అవే వచ్చి నిలుస్తాయి, గాలి పట్టదు. కింద రబ్బరు ముక్కలు వేసి చెక్కకు బిగించండి, చప్పుడు తగ్గుతుంది. పైన వాన పడకుండా చిన్న కప్పు వేయండి.
6. పంపు తర్వాత లీటరు సైజు ప్రెషర్ డబ్బా. ఇది లేకపోతే నల్లా కొంచెం తిప్పినప్పుడల్లా పంపు టక్కుటక్కుమని ఆగి మొదలవుతూ ఉంటుంది, స్విచ్ త్వరగా పోతుంది.
7. 32 ఎంఎం మెయిన్ లైను, అక్కడి నుంచి నల్లాలు. పైపు అడుగు లోతున పూడ్చండి. మధ్యాహ్నం ఎండకు నీళ్లు మరిగిపోవు, కాళ్లకూ అడ్డం రాదు.

బిగించాక అన్ని నల్లాలు మూసి పంపు స్విచ్ వేయండి. లైను నిండాక కాసేపట్లో ఆగిపోవాలి. నల్లాలన్నీ మూసి ఉన్నా మధ్యమధ్యలో దానంతటదే నడుస్తుంటే ఎక్కడో కారుతోందని అర్థం. నల్లాలో నీళ్లు బుడబుడమని గాలితో వస్తుంటే పంపుకు ముందు ఉన్న ఏదో జాయింటు గాలి పీలుస్తోంది. ప్రవాహం రోజురోజుకూ తగ్గుతుంటే మొదట జాలి తీసి కడగండి, ఎక్కువగా సమస్య అక్కడే ఉంటుంది.

జీవామృతం లైను, మనుషుల లైను

ఇప్పుడు అసలు విషయం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇది జీవామృతం. కోట్ల కొద్దీ సూక్ష్మజీవులను పెంచి నేలకు ఇస్తున్నాం. నేలకు అది బలం. కానీ పేడలో మనిషి కడుపుకు పడని ఈ-కొలై లాంటి బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. మనవాళ్లలో "మనది విషం కాదు కదా, ఏం కాదులే" అనే ధీమా ఎక్కువ. రసాయనం లేదంటే రోగం రాదని కాదు.

మన తోటల్లో చాలాచోట్ల బోరు మెయిన్ లైనుకు వెంచురి పెట్టి జీవామృతం డ్రిప్‌లోకి వదులుతాం. మోటారు ఆగిన క్షణంలో బోరు పైపులో నిలిచిన నీళ్లు కిందికి జారతాయి. నాన్ రిటర్న్ వాల్వ్ అరిగిపోయి ఉంటే ఆ జారుడుకు లైనులో పీల్పు పుడుతుంది. వెంచురి వాల్వ్ తెరిచి ఉందనుకోండి, డ్రమ్ములోని జీవామృతం వెనక్కి లైనులోకి, అక్కడి నుంచి బోరులోకి కూడా పోవచ్చు. అదే లైనుకు టెంట్ల నల్లా కూడా ఉంటే చెప్పేదేముంది. నాకు తెలిసిన ఒక తోటలో పొద్దున నల్లా తిప్పితే గోధుమ రంగు నీళ్లు వచ్చాయి. రంగు ఉంది కాబట్టి కనిపెట్టారు. పలచగా కలిసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

దీనికి నాలుగు కట్టుబాట్లు పెట్టుకోండి.

ఒకటి, మనుషుల ట్యాంకుకు పోయే పైపును బోరు దగ్గరే, వెంచురికి ముందే విడదీయాలి. రెండు, బోరు మూతి దగ్గర, వెంచురికి ముందు నాన్ రిటర్న్ వాల్వ్‌లు పెట్టి సీజనుకు ఒకసారి విప్పి చూడాలి. మూడు, ట్యాంకు నింపే పైపు కొస నీళ్లలో మునగకూడదు. ఓవర్‌ఫ్లో మట్టం కంటే బెత్తెడు పైన ఆగిపోవాలి. మధ్యలో గాలి ఉంటే ఎంత పీల్పు పుట్టినా ట్యాంకు నీళ్లు వెనక్కి పోవు, బయటి మురికి లోపలికి రాదు. నాలుగు, బకెట్లు, మగ్గులు, గొట్టాలు రంగులతో వేరు చేయండి. మా దగ్గర నీలం మనుషులకు, ఎరుపు జీవామృతానికి. పనిలోకి ఎవరు కొత్తగా వచ్చినా మొదట చెప్పే మాట ఇదే.

పశువుల కొట్టం, పేడ కుప్ప బోరుకు దూరంగా ఉండాలి. మరుగుదొడ్డి గుంత కనీసం 30 మీటర్ల దూరంలో, బోరు కంటే పల్లంలో ఉండాలి.

క్లోరిన్ వాడొచ్చా అన్నా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. రసాయనాలు వద్దని చెప్పుకునే మనం తాగే నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ వేయడమేంటి అని. నా పద్ధతి చెప్తాను. తాగే నీళ్లు వంటింట్లో మరిగించి చల్లార్చి కుండల్లో పోస్తాం. బుడగలు బాగా పైకి వచ్చాక ఒక నిమిషం మరిగితే చాలు. అంతమందికి మరిగించడం కుదరని రోజు బ్లీచింగ్ వాడతాం, దాపరికం లేదు. పంటకు కొట్టే రసాయనం వేరు, నీళ్లలో క్రిమి చావడానికి వేసే చిటికెడు వేరు.

మోతాదు: 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైనున్న తేట నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాకే వాడాలి. మురికిగా ఉన్న నీళ్లకు ఈ మోతాదు పనిచేయదు, ముందు వడకట్టాలి.

కొత్త ట్యాంకు, లేదా చాలా రోజులు వాడకుండా ఉన్న ట్యాంకు అయితే లోపల రుద్ది కడిగి, నింపి, 500 లీటర్లకు 75 గ్రాముల బ్లీచింగ్ అదే పద్ధతిలో వేసి, నల్లాలన్నిటిలో వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచండి. పొద్దున మొత్తం వదిలేసి మళ్లీ కడగండి. ఆ నీళ్లు మాత్రం చెట్ల మొదళ్లలోకి, జీవామృతం డ్రమ్ములోకి పోనివ్వద్దు. దారి పక్కన వట్టి నేల మీద వదలండి. క్లోరిన్ కలిపిన నీళ్లతో జీవామృతం చేస్తే మనం పెంచాలనుకున్న సూక్ష్మజీవులే చస్తాయి. రెండు లైన్లు వేరుగా ఉండటం వల్ల ఈ బాధా తప్పుతుంది.

మరిగిస్తే పోనివి

మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నల్గొండ సంగతి తెలిసినవాళ్లం, మనకు వేరే చెప్పక్కర్లేదు. తాగే నీటి జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా. నైట్రేటు 45 దాటకూడదు. కొట్టం దగ్గరున్న బోర్లలో నైట్రేటు తప్పకుండా చూపించుకోండి, అది పసిపిల్లలకు ప్రమాదం. కరిగిన లవణాలు 500 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా.

గ్రామీణ నీటి సరఫరా శాఖ లాబ్‌లో బోరు నీళ్లు ఇచ్చి పరీక్ష చేయించుకోండి. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువ వస్తే ఆ బోరు నీళ్లు స్నానాలకు, కడుగుళ్లకు ఉంచి, తాగడానికి, వంటకు ఇంటి దగ్గరి మిషన్ భగీరథ నల్లా నీళ్లు తెచ్చుకోవచ్చు. 12 మందికి 84 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఐదు. పెద్ద భారం కాదు.

వాడిన నీళ్లు ఎటు?

స్నానాలు, చేతులు, గిన్నెలు కలిపి రోజుకు 300 లీటర్ల దాకా బయటికి వస్తాయి. నిలవ ఉంటే వాసన, దోమలు. కంకర, ఇసుక నింపిన చిన్న గుంత గుండా పంపి అరటి మడిలోకి మళ్లించండి. అరటి, చేమ ఎంత నీటినైనా తాగుతాయి. పచ్చిగా తినే కొత్తిమీర, టమాటా, కీర మడులకు మాత్రం ఈ నీళ్లు పెట్టొద్దు. టెంట్ల దగ్గర మామూలు సబ్బు, గిన్నెలకు కుంకుడు రసం, బూడిద పెడితే మడికీ ఇబ్బంది ఉండదు.

తోట దాటి తీసుకెళ్లేవాళ్లకు

కొందరు చేను కాపలాకు, జాతర్లకు, సంతల్లో స్టాళ్లకు ఇదే సెట్టింగు ట్రాలీలో కావాలని అడిగారు. ఇద్దరు ముగ్గురికి 100 లీటర్ల ట్యాంకు, ఇదే పంపు, 20 ఆంపియర్ అవర్స్ లిథియం బ్యాటరీ చాలు. ట్యాంకును బెల్టుతో కదలకుండా కట్టండి. పెద్ద ట్యాంకు సగం నింపి రోడ్డు మీద పోవద్దు. మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు నీళ్లు ఒక పక్కకు కొట్టి బండిని లాగేస్తాయి. నిండుగా నింపండి, లేదంటే ఖాళీగా తీసుకెళ్లి అక్కడ నింపుకోండి.

జనం వచ్చే ముందు రోజు చూసుకోవాల్సినవి

- రెండు ట్యాంకులు నిండాయా, మూతలు బిగిశాయా
- వెంచురి వాల్వ్ మూసి ఉందా
- జాలి ఫిల్టరు కడిగామా
- నల్లాలు మూస్తే పంపు ఆగుతోందా
- బ్యాటరీ నిండిందా, ఫ్యూజు ఒకటి స్పేరు ఉందా
- కుండల్లో మరిగించిన నీళ్లు పోశామా
- ఎర్ర బకెట్లు టెంట్ల వైపు రాకుండా షెడ్డులో పెట్టామా

దీన్ని ఒక అట్ట మీద రాసి పంపు కప్పు కింద వేలాడదీయండి. మీరు ఊళ్లో లేని రోజు ఇంట్లోవాళ్లకు, పనివాళ్లకు అదే చెబుతుంది.

మీ తోట ఎత్తు ఎంత, ఎంతమంది వస్తారు, బోరు నుంచి టెంట్లకు దూరం ఎంత, ఈ మూడూ రాసి పెట్టుకుని ఒకసారి వీడియో మళ్లీ చూడండి. ఏ పంపు కొనాలో, అసలు కొనాలో వద్దో అప్పుడు తేలిపోతుంది. వచ్చే వీడియోలో అరటి మడికి నీళ్లు మళ్లించే కంకర గుంత ఎలా కట్టాలో చూపిస్తాను.

ఉంటాను మిత్రులారా.